ముంగురులు: వర్ణన నుంచి వాస్తవం దాకా

1

తెలుగు కావ్యాలలో నాయిక నుదుటిమీది ముంగురులను వర్ణించని కవి అరుదు. తెలుగు ఇళ్ళలో బడికి బయలుదేరిన కూతురి నుదుట లేచిన ముంగురులను చూసి "ఏమిటే ఆ పిచ్చి జుట్టు, కాస్త చమురు రాసి అణచుకోరాదూ" అనని తల్లీ అరుదే. ఒకే వెంట్రుకలు పద్యంలో అందంగానూ, వసారాలో అనాకారితనంగానూ ఎట్లా మారాయి? ప్రశ్న చిన్నదే. కాని దీని వెంట వెళితే కావ్యవర్ణనకూ జీవితానికీ ఉన్న దూరం ఎంతో తెలుస్తుంది. స్త్రీ దేహంమీద ఎవరి పెత్తనం ఎట్లా నడిచిందో కూడా తెలుస్తుంది. వర్ణన అనేది నిర్దోషమైన అలంకారం మాత్రమే అనుకునే సాహిత్య విద్యార్థులు ఈ విషయాన్ని ఒకసారి పరిశీలించడం అవసరం.

మొదట మాట సంగతి. మున్, కురులు కలిసి ముంగురులు. ముందు భాగాన ఉండే కురులని అర్థం. వీటికి సంస్కృతంలో అలకలని పేరు. అమరసింహుడు తన నిఘంటువులో అలకలకు చూర్ణకుంతలాలని పర్యాయపదం ఇచ్చి, అవే నుదుటిమీద ఉన్నప్పుడు భ్రమరకాలంటారని చెప్పాడు. చూర్ణమంటే పొడి. పొడిపొడిగా, దువ్వెనకు లొంగకుండా ఉండేవి చూర్ణకుంతలాలు. తామరపువ్వు లాంటి ముఖంమీద వాలిన తుమ్మెదల్లా ఉండేవి భ్రమరకాలు. మన కవులు వందల ఏళ్ళు తిప్పి తిప్పి వాడిన తుమ్మెద ఉపమానం నిఘంటువులోనే పేరుగా స్థిరపడిపోయింది. తెలుగువాళ్ళం మాట్లాడుకునే భాషలో వీటిని నూగు వెంట్రుకలంటాం, పిల్లజుట్టంటాం.

ఇక శరీరం సంగతి. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్కొక్క వెంట్రుకకూ పెరిగే కాలం, ఆగే కాలం, రాలే కాలం ఉంటాయి. నడినెత్తిమీది వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుంది కనుక జడకు అందుతుంది. నుదుటి అంచునా, కణతల దగ్గరా ఉండే వెంట్రుకలకు ఆ గడువు తక్కువ. అవి సన్నగా పుట్టి, పొట్టిగా ఉండగానే రాలిపోయి, మళ్ళీ పుడతాయి. అందువల్ల ఎన్నాళ్ళు పెంచినా అవి జడలోకి రావు. గాలిలో తేమ పెరిగినప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తుల మధ్య ఉన్న బలహీనమైన బంధాలు తెగి మరొక విధంగా కలుస్తాయి. కనుకనే వానాకాలంలోనూ, చెమట పట్టినప్పుడూ అవి వంకర తిరిగి లేస్తాయి. ప్రసవమైన రెండు మూడు నెలలకు బాలింతకు జుట్టు ఎక్కువగా రాలుతుంది. ఆ తరువాత కొత్తగా మొలిచేవి నుదుటి అంచున పొట్టిగా నిక్కి కనిపిస్తాయి. ఇందులో శుభ్రత లోపమూ లేదు, పెంపకంలో లోపమూ లేదు. అది వెంట్రుక స్వభావం.

ఈ స్వభావాన్ని కావ్యం ఒక విధంగా చూసింది. కాపురం మరొక విధంగా చూసింది. నేటి బజారు మూడో విధంగా చూస్తున్నది. ఈ మూడు చూపులనూ వేరువేరుగా పరిశీలిద్దాం.

2

కావ్య నాయికకు కేశాదిపాద పర్యంతం వర్ణన జరగాలన్నది సంప్రదాయం. కురులతో మొదలుపెట్టిన కవికి మేఘం, చీకటి, నాచు, ఇంద్రనీలం, తుమ్మెద సిద్ధంగా ఉంటాయి. ఇందులో ఒక మంచి ఉంది, దానిని ముందుగా ఒప్పుకోవాలి. మన పూర్వకవులకు వంకర తిరిగిన జుట్టు లోపం కాదు. కుటిలకుంతలం, కుంచితకేశం అనేవి వాళ్ళ దృష్టిలో ప్రశంసలు. ఉంగరాలు తిరిగిన కురులను సాపు చేయాలన్న ఆలోచన ఆ కవులలో కనపడదు. నూనెకు లొంగని, దువ్వెనకు అందని నాలుగు వెంట్రుకల దగ్గర ఆగి, వాటి కదలికలో అందం చూడగలిగారు. ఆ చూపు నిశితమైనది. ఈ దేశపు ఎండకూ, తేమకూ, ఈ మనుషుల తలకట్టుకూ సహజమైన చూపు అది.

అయితే ఆ చూపుకు ఒక హద్దు ఉంది. కావ్యంలో ముంగురులు చెదిరే సందర్భాలు ఏవో గమనించండి. ఉద్యానవనంలో పిల్లగాలి వీచినప్పుడు, జలక్రీడలో నీళ్ళు చల్లుకున్నప్పుడు, బంతులాటలో అలసినప్పుడు, ప్రియుని కౌగిట చెమర్చినప్పుడు. చెమటకు నుదుట అంటుకున్న ముంగురులు ఎన్నో పద్యాలలో ఉన్నాయి. ఆ చెమట మాత్రం ఆటవల్ల పట్టింది. నాటు వేస్తున్నప్పుడో, దంపుతున్నప్పుడో, మోపు ఎత్తుకున్నప్పుడో పట్టిన చెమటతో నుదుట అంటుకున్న జుట్టు నాయిక వర్ణనలోకి ఎక్కలేదు. చెమట ఒకటే, వెంట్రుకలూ ఒకటే, కారణం మారగానే అది కావ్యవస్తువు కాకుండా పోయింది. రాజాస్థానంలో పుట్టిన సాహిత్యానికి తీరికే సౌందర్యానికి మొదటి షరతు అయింది.

మరొక ప్రశ్న కూడా అడగాలి. అంతఃపురంలో ఆ తల దువ్విందెవరు? ఈ ప్రశ్నకు సమాధానం మన నెల్లూరు కవి దగ్గరే దొరుకుతుంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన తన భారతరచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. అందులో ద్రౌపది సైరంధ్రి. అంటే పరుల ఇంట తల దువ్వి, పూలు కట్టి, గంధం తీసే పనిమనిషి. రాజ్యం పోయిన రాణి మరొక రాణి సుదేష్ణకు సిగ ముడిచి బతకవలసి వచ్చింది. ప్రబంధ నాయిక నుదుట ముంగురులు ముచ్చటగా నిలవడం వెనక ఒక సైరంధ్రి చేతిపని ఉంటుందని భారతకథ మనకు గుర్తుచేస్తుంది. ప్రబంధాలలో చెలికత్తెలు ఉన్నారు. వాళ్ళు మాట్లాడతారు, పరిహాసాలాడతారు, శిశిరోపచారాలు చేస్తారు. వాళ్ళ సొంత ముంగురులు ఎట్లా ఉన్నాయో చెప్పే అవసరం కవికి చాలా అరుదుగా కలిగింది.

ఆ ద్రౌపదే ఉద్యోగపర్వంలో మరొక విధంగా కనపడుతుంది. రాయబారానికి బయలుదేరిన కృష్ణుని ముందు, దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన కురులను తన చేత పట్టుకొని చూపిస్తుంది. సంధి మాట వచ్చినప్పుడల్లా వీటిని తలచుకోమంటుంది. ఇక్కడ కురులు తుమ్మెదలూ కావు, మేఘాలూ కావు. జరిగిన అన్యాయానికి సాక్ష్యం. ఎదుటివాడు చూసి వర్ణించడానికి కాక, ఆ మనిషే తన మాటకు ఆధారంగా తన జుట్టును చూపిన ఘట్టమిది. ముంగురులను గురించి వందల పద్యాలు చదివిన విద్యార్థి ఈ ఒక్క ఘట్టం దగ్గర ఆగి ఆలోచించాలి. ఆ పద్యాలలో జుట్టు కవిది. ఇక్కడ జుట్టు ద్రౌపదిది.

3

పడమటి నెల్లూరులో ఉన్న ఉదయగిరి దుర్గానికీ ఈ చర్చకూ ఒక సంబంధం ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఉదయగిరితో మొదలైన ఆ కళింగ దండయాత్రలోనే కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని రాయలు చెప్పుకున్నాడు. ఆ కావ్యం ఆముక్తమాల్యద. తాను ముడిచి విడిచిన మాలను ఇచ్చినదని ఆ పేరుకు అర్థం.

అంటే ఆ కావ్యం పేరులోనే ఒక ఆడపిల్ల తలకట్టు ఉంది. దేవుడికని కట్టిన మాలను గోదాదేవి ముందుగా తన కురులలో తురుముకొని, బావినీటిలో తన నీడ చూసుకొని, తరువాత దేవుడికి పంపించింది. మాలలో ఒక వెంట్రుక కనపడి తండ్రికి సంగతి తెలిసిందని వైష్ణవ సంప్రదాయంలో ఒక కథ ప్రచారంలో ఉంది. లోకం దృష్టిలో అది మైల. కథలో దేవుడు ఆ మైలపడిన మాలనే కోరుకున్నాడు. భక్తి అర్థాన్ని భక్తులకు వదిలి సాహిత్య విద్యార్థిగా చూసినా ఇందులో గమనించవలసినది ఉంది. తన జుట్టు తనకు అందంగా ఉందో లేదో ఒక స్త్రీ తన కళ్ళతో తాను చూసుకోవడం ఇక్కడ కథకు కీలకమయింది. వర్ణించబడే నాయికల మధ్య తనను తాను చూసుకున్న నాయిక ఈమె. అయితే దానికి ఆమె మానవమాత్రురాలిగా ఉండిపోవడం కుదరలేదు. ఆమెను దేవతను చేస్తే తప్ప ఆ స్వేచ్ఛను ఒప్పుకోవడం ఆ కాలానికి సాధ్యపడలేదు.

దేవత కాని ఆడదాని సంగతి ఏమిటి? కోట గోడలు దిగి ఊళ్ళోకి వస్తే ఆ సంగతి తెలుస్తుంది.

4

కాపురంలో జుట్టుకు నియమాలు చాలా ఉన్నాయి. దీపాలు పెట్టిన తరువాత తల దువ్వరాదు. వీధివాకిట్లో నిలబడి దువ్వరాదు. రాలిన వెంట్రుక ఇంట్లో కనపడరాదు. అన్నిటికీ మించి, జుట్టు విరబోసుకోరాదు. విరబోసుకున్న జుట్టు శోకానికో, దయ్యానికో, పూనకానికో గుర్తు. జాతరలో అమ్మవారు పూనినప్పుడు మాత్రం ఆడది జుట్టు విరబోసుకొని ఊగితే ఊరు దండం పెడుతుంది. మర్నాడు అదే మనిషి అట్లా గడప దాటితే అదే ఊరు తిడుతుంది. ముంగురులు ఈ నియమానికి అంచున ఉన్నాయి. అవి విరబోసుకున్నవీ కావు, ముడిలోకి వచ్చేవీ కావు. అందుకే వాటిమీద ఇంటికి ఎప్పుడూ ఒక అనుమానం. ఆముదం దట్టంగా పట్టించి, నుదురు లాక్కుపోయేట్టు దువ్వి, బిగించి జడ అల్లితే ఆ అనుమానం తీరుతుంది. ఆ బిగింపు వల్ల నొప్పి పుట్టినా "అణకువ" అనే మాటతో సరిపెట్టారు.

ఈ అదుపుకు చివరి మెట్టు శిరోముండనం. బ్రాహ్మణ కుటుంబాలలోనూ, వాళ్ళ ఆచారాన్ని అనుసరించిన మరికొన్ని కులాలలోనూ భర్త పోయిన స్త్రీకి తల గొరిగించేవారు. బాల్యవివాహాల కాలం కనుక ఆ స్త్రీ అనేక సందర్భాలలో పన్నెండేళ్ళ పిల్ల. 1856లోనే వితంతు పునర్వివాహాన్ని చట్టం అనుమతించినా, కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు దాకా పట్టింది. మహారాష్ట్రలో ఈ దురాచారాన్ని మరొక వైపు నుంచి ఎదుర్కొన్నారు. జోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమానికి చెందిన నారాయణ మేఘాజీ లోఖండే ప్రోద్బలంతో 1890 ప్రాంతంలో బొంబాయి క్షురకులు వితంతువుల తల గొరగబోమని తీర్మానించారు. పని చేసే చేయి ఆ పనిని నిరాకరించింది. సంస్కరణ చరిత్రలో ఈ సంఘటనకు రావలసినంత స్థానం రాలేదు.

ఆచారం పోయింది, భాషలో మిగిలింది. "బోడి" అంటే గొరిగిన తల. "బోడి సలహా", "బోడి పెత్తనం" అని నేడు మనం అలవోకగా అంటున్నాం. విలువలేనిదని చెప్పడానికి తల గొరిగిన ఆడదానికన్నా మంచి గుర్తు మన భాషకు దొరకలేదన్న మాట. ఆడవాళ్ళను తిట్టడానికి ఊరూవాడా వాడే "ముండ" అనే మాట, గొరిగిన తల అనే అర్థమున్న సంస్కృత శబ్దం నుంచి వచ్చింది. ఆ మాట అనేవాడికి దాని వెనక గొరగబడిన పన్నెండేళ్ళ పిల్ల కనిపించదు. రచయితలు పాత్రోచితమన్న పేరుతో ఈ మాటలను వాడేటప్పుడు వాటి చరిత్ర తెలిసి వాడాలి. తెలిస్తే కొన్ని సందర్భాలలో వాడరు. వాడిన చోట పాఠకుడికి ఉలికిపాటు కలిగేట్టు వాడతారు.

ఇక్కడ ఒక తేడా చెప్పక తప్పదు. తిరుమలలోనూ, పెంచలకోనలోనూ మొక్కు ఉన్న స్త్రీ తనంతట తాను తలనీలాలు ఇవ్వడం వేరు, బలవంతాన తల గొరిగించడం వేరు. మొదటిదానిలో ఆమెకు నిర్ణయముంది. గొరిగిన తల కాదు సమస్య. ఎవరి నిర్ణయం అన్నదే సమస్య.

5

కష్టజీవుల ఇళ్ళలో ఈ కథ మరొక విధంగా నడిచింది. మారుమనువు ఆచారంగా ఉన్న కులాలలో శిరోముండనానికి చోటు లేదు. కాని అక్కడ జుట్టుకు తీరికా లేదు, చమురూ లేదు. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని మన సామెత. దీనిని కలిగినవాళ్ళ గురించి చెప్పుకునే మాటగా మనం వాడుతున్నాం. అంటే ఒత్తయిన, నున్నటి జుట్టును ఐశ్వర్యానికి గుర్తుగా జనం ముందే పోల్చుకున్నారు. తిండిలో మాంసకృత్తులూ ఇనుమూ తగ్గితే జుట్టు పలచబడుతుందనీ, పెళుసుబారుతుందనీ వైద్యం చెబుతున్నది. సామెత ఆ సంగతిని తన పద్ధతిలో ఎప్పుడో చెప్పింది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం వెలిగొండల నీడన ఉన్న మెట్టసీమ. పెన్నకు దగ్గరి ఊళ్ళను మినహాయిస్తే వానమీదా బావిమీదా బతికే నేల. డి.సి.పల్లిలోనూ, కలిగిరిలోనూ పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఆ పంట వెనక ఆడకూలీల శ్రమ ఎంతో ఉంది. పచ్చాకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌కు ఎక్కించే రోజుల్లో చేతులకు నల్లటి జిగురు పడుతుంది. ఆ చేత్తో నుదుటిమీది వెంట్రుక తోసుకుంటే జిగురు జుట్టుకు అంటుతుంది, చేదు కంట్లోకి దిగుతుంది. అందుకని ఆడవాళ్ళు తలకు గుడ్డ బిగించి కడతారు. గుడ్డ అంచుల నుంచి బయటికి వచ్చిన ముంగురులను ముంజేత్తోనో, భుజంతోనో తోసుకుంటారు. ఎండలో వంగి పని చేసే స్త్రీకి ముంగురులు అందమా, అనాకారమా అన్న ప్రశ్నే లేదు. అవి పనికి అడ్డం. ముంజేత్తో ముంగురులు తోసుకునే ఆ కదలిక ఈ సీమలో ప్రతి చేలోనూ కనిపిస్తుంది. కవులకు మాత్రం అది చాలాకాలం కనపడలేదు.

ద్రౌపది జుట్టు పట్టి ఈడ్చిన దుశ్శాసనుడు కూడా పురాణంతో పోలేదు. తాగివచ్చిన మగవాడు పెళ్ళాం జుట్టు పట్టి వీధిలోకి ఈడ్వడం ఒకప్పుడు సారా ఏరులై పారిన పల్లెలలో రోజూ జరిగే సంగతి. ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారాకొట్టును మూయించారు. అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడులలో చదువుకున్న పాఠం, రోజూ ఇంట్లో అనుభవిస్తున్న పాఠం ఒక్కటయ్యాయి. ఆ ఊరి పేరు ఇంటిపేరైన రోశమ్మ రాష్ట్రానికంతటికీ తెలిసింది. జిల్లా అంతా కదిలింది, తరువాత రాష్ట్రం కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండోది 1997లో సడలిపోయింది. ఆ ఉద్యమాన్ని ఆర్థిక కోణం నుంచి చాలామంది విశ్లేషించారు. కూలి డబ్బు సారాకు పోవడం నిజమే. దానితోపాటు, తన జుట్టు ఇంకొకరి పిడికిట్లో ఉండరాదన్న పట్టుదల కూడా ఆ ఉద్యమంలో ఉంది. తిక్కన ద్రౌపది అడిగిన న్యాయం ఏడు వందల ఏళ్ళ తరువాత ఆయన జిల్లాలోనే పల్లె స్త్రీలు అడిగారు. తేడా ఏమిటంటే వాళ్ళు కృష్ణుడి రాయబారం కోసం ఎదురుచూడలేదు.

అదే కాలంలో సాహిత్యం కూడా కదిలింది. ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. స్త్రీ దేహంలోని ఒక్కొక్క భాగం చుట్టూ అల్లుకున్న అధికారాన్ని విప్పి చూపిన ఆమె 'రాజకీయ కథలు'లో 'సీత జడ' అనే కథ ఉంది. కురులను నీలిమేఘాలతో పోల్చిన సంప్రదాయపు భాషలోనే, ఆ సంప్రదాయాన్ని ప్రశ్నించే గొంతులు పుస్తకమై వచ్చాయి. అభ్యుదయ సాహిత్యం శ్రామికుడి చెమటను వర్ణించింది. ఆ చెమట ఆడదాని నుదుట పట్టినప్పుడు ఏమవుతుందో వర్ణించడానికి స్త్రీలే కలం పట్టవలసి వచ్చిందన్నది మనం ఒప్పుకోవలసిన విషయం.

6

ఇక మూడో చూపు బజారుది. 1960లో 'లవ్ ఇన్ సిమ్లా' సినిమాలో నటి సాధన నుదుటిమీదికి కత్తిరించిన జుట్టుతో కనిపించింది. "సాధనా కట్" అనే మాట తెలుగు ఊళ్ళలోకీ వచ్చింది. ముంగురులు లేనివాళ్ళు కూడా కత్తెరతో ముంగురులు చేయించుకున్న కాలమది. ఇప్పుడు గాలి తిరిగింది. నుదుటి అంచున లేచే నూగు వెంట్రుకలు ఒక జబ్బుగా, చికిత్స చేయించుకోవలసిన లోపంగా ప్రచారమవుతున్నాయి. జెల్లు, సీరం, స్ట్రెయిటెనింగ్, కెరటిన్ అనే మాటలు ఆత్మకూరు బస్టాండు దగ్గరి బ్యూటీ పార్లర్ల దాకా వచ్చాయి. కుటిలకుంతలాన్ని మెచ్చుకున్న భాషలో ఇప్పుడు ఉంగరాల జుట్టు పిల్ల అద్దం ముందు సిగ్గుపడుతున్నది.

సిగ్గు ఒక్కటే నష్టం కాదు. జుట్టు సాపు చేసే కొన్ని మందులను వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. అది మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. దానికి బదులు గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడిన మందువల్ల ఒక యువతి మూత్రపిండాలు మళ్ళీ మళ్ళీ దెబ్బతిన్న సంగతిని ఫ్రాన్సు వైద్యులు 2024లో వెల్లడించారు. రోజంతా ఆ పొగ పీల్చేది జుట్టు సాపు చేయించుకునే మనిషికన్నా, సాపు చేసే కూలిమనిషి. నేటి సైరంధ్రి ఆమె.

జుట్టు స్వభావాన్ని అధికారం శాసించిన కథ మనదొక్కటే కాదు. స్పెయిన్ పాలనలో ఉన్న లూయిసియానాలో 1786లో గవర్నరు మీరో, స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీలు తలకు గుడ్డ కట్టుకొని జుట్టు దాచుకోవాలని ఉత్తర్వు చేశాడు. ఆ స్త్రీలు రంగురంగుల గుడ్డలు అందంగా చుట్టుకొని ఆ శిక్షను కూడా సింగారంగా మార్చారు. జుట్టు సాపు చేసుకుంటే తప్ప నౌకరీ దొరకని కాలాన్ని ఆ జాతి చాలాకాలం అనుభవించింది. 1960లలో సహజమైన జుట్టును పెంచడమే ఒక నిరసన అయింది. సహజమైన తలకట్టు కారణంగా బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపరాదని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలైలో చట్టం చేసింది. ఆ మరుసటి నెలలోనే మన మెదక్‌లో ఒక గిరిజన గురుకుల పాఠశాలలో, నీటి ఎద్దడి వల్ల తలస్నానాలు సాగడం లేదని నూటికి పైగా బాలికల జుట్టు కత్తిరించారని పత్రికలు రాశాయి. తల్లిదండ్రులు వచ్చి నిలదీసిన తరువాత అది వార్త అయింది. నీళ్ళు తెప్పించడం కష్టం, జుట్టు తీసేయడం తేలిక. ఎవరి జుట్టు తీసేయడం తేలికో కూడా ఈ వార్త చెబుతున్నది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే పడమటి నెల్లూరు వాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

బడిలో చదువు చెప్పే మాలాంటి వాళ్ళం కూడా ఇక్కడ ఆలోచించాలి. రెండు జడలు, రిబ్బన్లు, చమురు పెట్టిన నున్నటి తల క్రమశిక్షణకు గుర్తులయ్యాయి. పేలు పడకుండా జుట్టు కట్టుకోమనడంలో అర్థముంది. నుదుట లేచిన పిల్లజుట్టును చూసి వరసలో నుంచి బయటికి పిలవడంలో అర్థం లేదు. రోజూ బిగించి లాగి జడ వేస్తే నుదుటి అంచునా కణతల దగ్గరా కుదుళ్ళు దెబ్బతిని, ఏళ్ళ తరబడి సాగితే అక్కడ జుట్టు తిరిగి మొలవకుండా పోతుంది. ముంగురులను అణచాలన్న పట్టుదల నుదురు బట్టతల కావడంతో ముగుస్తుంది.

7

మరి ముంగురులను ఏం చేయాలి? అణచుకోవాలనుకున్న మనిషికి అందుకు హక్కుంది. పెద్ద ఖర్చు అక్కరలేదు. తడి చేత్తో నిమిరి, అరచేత రెండు చుక్కల కొబ్బరినూనో ఆముదమో రుద్దుకొని పైపైన అద్దితే చాలు. ఎండిన జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో గీకితే రాపిడికి విద్యుత్తు పుట్టి నూగు వెంట్రుకలు ఇంకా లేస్తాయి. వెడల్పు పళ్ళ కొయ్య దువ్వెనతో ఆ బాధ ఉండదు. కొయ్య చెంచాలకూ గరిటెలకూ పేరుపడి, భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఉదయగిరి పక్కనే ఉన్న మనకు కొయ్య విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. జడ వదులుగా వేయాలి, పాపిట అప్పుడప్పుడూ మార్చాలి. బాలింతకు కొత్తగా మొలిచిన జుట్టుకు కావలసింది మందు కాదు, మంచి తిండీ కొన్నాళ్ళ ఓపికా. అణచుకోవడం ఇష్టంలేని మనిషిని అట్లాగే ఉండనివ్వాలి.

రచయితలు చేయవలసిన పని మరొకటి ఉంది. కావ్యం మనకు ఒక మంచి చూపును ఇచ్చింది. లొంగని నాలుగు వెంట్రుకలలో అందాన్ని చూడగల చూపు అది. దానిని పారవేయవలసిన అవసరం లేదు. ఈనాడు బజారు వంకర జుట్టును లోపమంటున్నప్పుడు, వెయ్యేళ్ళ తెలుగు కవిత్వం దానిని మెచ్చుకున్నదని చెప్పడం కూడా ఒక సమాధానమే. అయితే ఆ చూపుకు లేనివి రెండు ఉన్నాయి. ఒకటి, చెమటకు కారణం. రెండు, జుట్టుకు సొంతదారు. ముంగురులు చెదిరాయని రాసే కవి, అవి ఎందుకు చెదిరాయో రాయాలి. వాటిని తోసుకోవడానికి ఆ మనిషికి చేయి ఖాళీగా ఉందో లేదో రాయాలి. ఆమెకు తన జుట్టు గురించి చెప్పుకోవడానికి ఒక మాట ఉంటే ఆ మాట ఆమె నోట వినిపించాలి.

సాహిత్య విద్యార్థులకు కూడా ఇందులో పని ఉంది. మనుచరిత్రలో ఎన్ని ఉపమానాలున్నాయో లెక్కపెట్టిన సిద్ధాంత వ్యాసాలు మనకు కొల్లలు. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆడవాళ్ళు తమ జుట్టుకూ, దాని చిక్కుకూ, చమురుకూ, ముడికీ వాడే మాటలను సేకరించిన వ్యాసాలు మాత్రం అరుదు. "చిక్కు" అనే మాట ముడిపడిన జుట్టుకూ, బతుకులోని కష్టానికీ ఒకటే ఎందుకయిందో ఆ పెద్దమ్మలను అడిగితే మన నిఘంటువులకన్నా బాగా చెబుతారు. వాళ్ళ తరం ఇంకా మన మధ్య ఉంది. ఎక్కువ కాలం ఉండదు.